ఊఁ కొట్టేవాళ్ళు

మా చిన్నతనంలో... మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి తలుపు దగ్గరగా వేసి వసారాలో చాప పరిచేవాళ్ళం. పిన్ని స్తంభానికి ఆనుకుని కూర్చుని పుస్తకం తెరిచేది. అమ్మ, మామ్మ, నేను చుట్టూ చేరేవాళ్ళం.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. పెళ్ళి కాకముందు చోడవరంలో మా ఇంట్లోనే ఉండేది. అమ్మ కూడబలుక్కుని చదివేది, మామ్మకి అదీ రాదు. అందుకని కథల విషయంలో మా అందరికీ పిన్ని కళ్ళే దిక్కు.

పుస్తకాలు బస్టాండు దగ్గర అద్దె కొట్టువి. ఊడిన అట్టలకి మైదా గుజ్జుతో కాగితం అంటించి ఉండేది. ఒక పేజీలో ఎవరిదో టీ మరక, ఇంకో పేజీలో ఎవరిదో కొబ్బరినూనె వేలిముద్ర... ఎవడో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే పెన్సిలుతో "దెయ్యం పెద్ద కోడలే" అని రాసిపెట్టేవాడు. పిన్ని వాణ్ణి తిట్టుకుంటూనే చివరిదాకా చదివేది.

ఎక్కువగా దెయ్యాల నవలలే. మామ్మకి అవే ఇష్టం. వినేసి, ఆ రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం నన్ను తోడు రమ్మనేది!

పిన్ని చదువుతుంటే ఊఁ కొట్టాలి... అది మా ఇంటి చట్టం. ఊఁ వినబడకపోతే పిన్ని అక్కడితో ఆపేసేది. మామ్మ ఇంకో అడుగు ముందుకేసి భయపెట్టేది.

"మనం ఊఁ కొట్టకపోతే ఇంకెవులో కొడతారే. నోరు మూసుకు కూకోకు" అనేది.

ఒక మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది... గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్న రోజులు. గాలి ఇటు తిరిగి ఇల్లంతా చెరకు మడ్డి వాసన. కథలో కోడలు పాడుబడ్డ బంగళా మెట్లెక్కుతోంది. పిన్ని మంచి ఊపులో ఉంది.

ముందు మామ్మ ఊఁ ఆగిపోయింది. చూస్తే గుర్రు పెడుతోంది. కాసేపటికి అమ్మ కూడా చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయింది. నేనేమో భయంతో ఊఁ కొట్టడమే మానేశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

అయినా ఊఁ వినబడుతూనే ఉంది...

పిన్ని ఊపిరి తీసుకోడానికి ఆగిన ప్రతిసారీ, ధాన్యం బస్తాలు పేర్చిన గదిలోంచి, మెత్తగా... ఊఁ. పిన్ని తలెత్తకుండా చదువుకుంటూ పోయింది. అధ్యాయం అయిపోయాక అప్పుడు చూసింది మా వంక.

ఊఁ కొట్టింది నువ్వేనా అని నన్ను అడిగింది. కాదని తలూపాను. పిన్ని లేచి ఆ గది తలుపుకి గొళ్ళెం పెట్టింది. మామ్మ లేచాక సంగతి విని, పిల్లి అయ్యుంటుందని తేల్చేసింది. ఆ నవల పూర్తి కాకుండానే మర్నాడు కొట్టుకి వెళ్ళిపోయింది.

తర్వాత పిన్నికి చోడవరంలోనే పెళ్ళయింది. ఇప్పుడు కొడుకూ కోడలితో మా వెనక వీధిలోనే ఉంటుంది. రెండేళ్ళుగా చూపు లేదు. కళ్ళలో ప్రెషర్ పెరిగి మెల్లగా పోయింది. చూపుతో పాటు మాటా తగ్గిపోయింది. పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఇంటికి ఎవరొచ్చారో కూడా అడగదు. ఇలాగే ఉంటే పిన్ని మనకి దక్కదేమోనని నాకు దిగులు పట్టుకుంది.

అందుకే ఒక ఈ-రీడర్ కొనిచ్చాను. నొక్కితే చాలు, అదే పైకి చదివి వినిపిస్తుంది... ఆడగొంతు. పిన్ని దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేజీ అంచు కోసం బొటనవేలితో తడిమింది. అంచు దొరకలేదు. వాసన చూసింది. వాసనా లేదు. కానీ అది చదవడం మొదలెట్టగానే పిన్ని మొహం మారిపోయింది. రెండో వాక్యానికే ఊఁ అంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేశాను, సంతోషంతోనే.

తర్వాత నా పనుల్లో నేను పడ్డాను. పిన్నికి తోడు దొరికింది కదా అనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం పిన్ని కోడలు ఫోన్ చేసింది. "వదినా, ఓపాలి రండి. అదెప్పుడో ఆగిపోయింది. అత్తయ్యగారు ఊఁ కొడతానే ఉన్నారు" అంది.

వెళ్ళాను. ఈ-రీడర్ చార్జింగ్ అయిపోయి నల్లగా ఉంది. గదిలో చప్పుడు లేదు. పిన్ని మాత్రం తల కాస్త పక్కకి వంచి వింటోంది. కాసేపు ఆగి... ఊఁ. మళ్ళీ కాసేపాగి... ఊఁ. ఒక చోట ముసిముసిగా నవ్వింది కూడా.

ఏం వింటున్నావు పిన్నీ అని అడిగాను.

"సదువుతంది కదే. నీకు ఇనబడ్డం లేదేటి?" అంది.

నిజం చెప్పాలంటే భయం తర్వాత వచ్చింది... ముందొచ్చింది ఉక్రోషం. నేనుండగా ఇంకెవరో చదవడం ఏమిటని. గబగబా మా ఇంటికెళ్ళి అట్టలేని పాత నవల ఒకటి తెచ్చి, పిన్ని పక్కన కూర్చుని మొదటి పేజీ తీశాను. ఒక్క వాక్యం చదివానో లేదో, పిన్ని నా చేతి మీద చెయ్యేసి ఆపింది.

"నువ్వుండవే. ముందు ఆ యమ్మని పూర్తి సెయ్యనీ."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నా వంతు కోసం కూర్చున్నాను...

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం వెళ్తున్నాను. ఒక్కోరోజు నన్ను చదవనిస్తుంది. ఒక్కోరోజు చెయ్యి ఎత్తి ఆగమంటుంది. రెండేళ్ళ కిందటే ఆ మంచం పక్కన కూర్చుని ఉండాల్సింది నేను.

ఇప్పుడు ఎవరి తెర వాళ్ళది, ఎవరి చదువు వాళ్ళ కళ్ళకే. మీ ఇళ్ళల్లో పైకి చదివి వినిపించిన వాళ్ళెవరో, వాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో చెప్పండి. ఉంటే మాత్రం ఇవాళే వెళ్ళి పక్కన కూర్చోండి... ఆ చోటు ఖాళీగా వదలకండి.