కలివిపొద దగ్గర ఆ మధ్యాహ్నం

మొన్న రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే ఒకావిడ గంపలో నల్లటి కలివిపండ్లు పెట్టుకుని అమ్ముతోంది. ఆఫీసు పిల్లలు అవేమిటని అడిగి, కొనకుండానే వెళ్ళిపోతున్నారు. నేను కొందామనే ఆగాను గాని, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పండ్లను చూస్తే నాకు నోరూరదు, గుండె దడదడలాడుతుంది.

మావారి ఉద్యోగం కోసం గోదావరి ఒడ్డు వదిలి వచ్చి, ఇక్కడే ఒక రాళ్ళగుట్ట పక్కన రెండు గదుల వాటాలో అద్దెకు దిగిన రోజులవి. మా పెద్దమ్మాయికి నాలుగేళ్ళు. తొలకరి పడిన వారంలో ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేసరికి పిల్ల గుట్ట మీంచి దిగి వస్తోంది, పెదాలు నల్లగా, గడ్డం మీద తెల్లటి పాలు బంకలా అంటుకుని, పిడికిట్లో నల్లటి కాయలతో. మా వైపు పెరిగినవాళ్ళకు పాలు కారే కాయంటే పచ్చగన్నేరే గుర్తొస్తుంది. ఆ కాయలు నమిలి మా పక్కింటి దూడ గిలగిల కొట్టుకుని చచ్చిపోవడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. నోట్లో వేలు పెట్టి కక్కించబోతే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మావారు ఆఫీసులో ఉన్నారు, ఇంట్లో ఫోను లేదు, ఆసుపత్రి ఎటువైపో కూడా నాకింకా తెలియదు.

ఏడుపు విని ఇంటి యజమాని తల్లి, మేమంతా అవ్వా అని పిలిచే పెద్దావిడ, గబగబా వచ్చింది. నేనేం చెప్పానో నాకే తెలియదు. ఆవిడ ఒక కాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ చెట్టుకు తెంపిందో జర చూపియ్యమను," అంది.

పిల్లను చంకనేసుకుని బండల మీదుగా పరుగెత్తాను. నా నడుమెత్తు కూడా లేని పొద అది. ఎదురెదురుగా మెరిసే ఆకులు, కొన రెండుగా చీలిన ముళ్ళు, అక్కడక్కడ ఇంకా రాలని, మల్లెల్లాంటి తెల్లపూలు. అవ్వ ముల్లును వేలితో తడిమింది, ఆకు తుంచి చూసింది, తర్వాత గుప్పెడు పండ్లు తెంపి నా ఎదుటే నోట్లో వేసుకుని నమిలి మింగింది.

"కలివిపండ్లు బిడ్డా. మేం చిన్నప్పటి సంది తింటున్నం. గన్నేరుకు ముళ్ళుంటయా? ఇగ ఫికర్ జెయ్యకు."

అయినా నా భయం తీరలేదు. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని ఊపిరి వింటూ గడప మీద కూర్చుండిపోయాను. అవ్వ తన పనులన్నీ వదిలేసి నా పక్కనే కూర్చుంది. దీపాలు పెట్టేవేళకు పిల్ల లేచి ఆకలేస్తోందని అన్నం అడిగింది. అప్పుడు ఏడ్చాను నేను.

తర్వాత కొన్నాళ్ళకే ఆ గుట్టను పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు కట్టారు. అవ్వవాళ్ళు ఇల్లు అమ్మి కోకాపేట అవతలికెక్కడికో వెళ్ళారని విన్నాను గాని, వెళ్ళి చూసిరావాలన్న బుద్ధి నాకప్పుడు పుట్టలేదు. ఇప్పుడు ఏ ఆకు మీద అనుమానం వచ్చినా మా అమ్మాయి దాని ముందు ఫోను పెడుతుంది, పేరూ గుణమూ క్షణంలో వచ్చేస్తాయి. మంచిదే. కానీ భయంతో వణికే ఒక తల్లి ఎదుట తాను ముందు తిని చూపించి, పొద్దుగూకేదాకా పక్కన కూర్చునే మనిషి ఈ మేడల్లో ఏ అంతస్తులో ఉంటుందో, ఏ తలుపు తట్టాలో, నాకు తెలియదు.