రెండు పికప్‌ల పంపకం

కంభం పెళ్లిలో ఆ మధ్యాహ్నం పోయినవి ఇవి: ఆర్కెస్ట్రాలో మా బావ కుర్చీ, ఇద్దరి విందు భోజనాలు, మా అక్క నాతో మాట్లాడకుండా గడిపిన పదకొండు రోజులు, లెక్కల మనిషినని మార్కాపురంలో నాకున్న పేరు. పేరును సగానికే వేసుకోండి. అంతకుముందే కొంత పోయింది.

బావ దర్జీ. పెళ్లిళ్ల సీజన్లో బాస్ గిటారు వాయించేవాడు. దాని తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లు రెండున్నాయి. మెడ వైపుది లావుగా పలుకుతుంది, కింది వైపుది సన్నంగా. ఒక్కోదాని సౌండుకు ఒక్కో నాబ్. బావ రెండింటినీ ఎప్పుడూ పూర్తిగా తిప్పి పెట్టేవాడు. ఆ మోతలో పాటగాడి గొంతు మునిగిపోతోందని, కీబోర్డు వాయించే ఆర్కెస్ట్రా ఓనరుకు కోపం.

"అన్నా, కంభంలో గూడ నీ గోల తగ్గలేదంటే బాస్ గూడ కీబోర్డు మీద నా ఎడమ చేత్తో నేనే కొట్టుకుంటా. నువ్వు జాకెట్లు కుట్టుకుందువు," అన్నాడు.

బావ నా దగ్గరికి వచ్చాడు. నేను పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ని. చదువు ఏడుతో ఆగింది. శాతాలు సొంతంగా నేర్చుకున్నాను గనక ఎక్కడ వాడదామా అని చూస్తుండేవాణ్ని. రాష్ట్రం విడిపోయిన కొత్త. పేపరు తెరిస్తే పంపకాలే. ఆస్తులు, అప్పులు జనాభా లెక్కన యాభై ఎనిమిది, నలభై రెండు. అంత పెద్దవాళ్లు తేల్చిన లెక్క రెండు నాబ్‌లకు పనికిరాదా? నాబ్‌ల పక్కన బలపంతో గీతలు గీసి, లావుదానికి యాభై ఎనిమిది, సన్నదానికి నలభై రెండు ఇచ్చాను.

"ఒకటి తగ్గితే గుయ్యిమంటదిరా బామ్మర్దీ."

"లెక్కలో గుయ్యి ఉండదు బావా. ఇన్నాళ్లూ రెండు నూర్లు వాడినావు, అందుకే గోల."

కంభంలో మండపమంతా సీరియల్ లైట్లు. మొదటి పాటకే స్పీకర్లు గుయ్యిమన్నాయి. పెళ్లికూతురి మేనమామ పరిగెత్తుకొచ్చాడు.

"ఏందప్పా, డబ్బాలో కందిరీగలు దూరినాయా?"

సౌండు మాత్రం తగ్గింది. ఆ మాట నేను పైకే అన్నాను. రెండో పాటకు యాభై ఎనిమిదిని అరవై చేయమని బావకు వేళ్లతో సైగ చేశాను. గుయ్యి ఇంకాస్త పెరిగింది.

మూడో పాట చివర బావకు ఓపిక పోయింది. రెండు నాబ్‌లనూ పూర్తిగా తిప్పేసి, పక్కనున్న యాంప్ డబ్బా సౌండు సగానికి దించాడు. గుయ్యి ఆగింది. గిటారు తగినంతే వినిపించింది. సమానంగా ఉంటే రెండు పికప్‌లూ ఒకదాని రొదను ఒకటి కొట్టేసుకుంటాయట. పేపర్లో ఆ సంగతి రాలేదు. యాంప్‌కు కూడా సౌండు నాబ్ ఉంటుందా అని నేను అడగలేదు.

అప్పటికే ఓనరు ఎడమ చేత్తో బాస్ కొడుతూ నాలుగో పాట ఎత్తుకున్నాడు.

"ఇప్పుడు బాగైంది గదా! వాయిస్తా," అన్నాడు బావ.

"బాగైంది, కాదన్లా. పెళ్లోళ్లకు కందిరీగలే గుర్తుంటాయన్నా. మిగిలినవి ఇంకో పెళ్లిలో వాయిద్దువులే."

మైకు ఆన్‌లో ఉండటంతో ఓనరు అన్న ఆ మాట మండపమంతా వినబడింది. బావ గిటారు సంచిలో పెట్టుకున్నాడు. అన్నం తినకుండానే ఇద్దరం మార్కాపురం బస్సెక్కాం.

ఆర్కెస్ట్రా ఇప్పటికీ నడుస్తోంది. ఓనరు ఎడమ చెయ్యి దివ్యంగా ఉంది. ఒప్పుకున్నవి పన్నెండు పాటలు, బావ వాయించినవి మూడు. ఈ రోజు వరకు ఆయన మా బావకు తొమ్మిది పాటలు బాకీ.