పెళ్లిచూపులకు పోయిన మడత కత్తి

పెళ్లిచూపులకు పోయే మగవాడు వెంట ఏమేం తీసుకుపోవాలి? పండ్లు, పూలు, తమలపాకులు, మాట తడబడని పెద్దమనిషి ఒకరు. నేను వీటన్నిటితోపాటు ఒక మడత కత్తి కూడా తీసుకుపోయాను. తీసుకుపోయినవాణ్ణి జేబులో పెట్టుకుని కూర్చున్నా బాగుండేది. కార్వేటినగరంలో ఒక పెద్దింటి వసారాలో ఆ పగటిపూట నేను సృష్టించిన ప్రళయం ఇంకో మనిషివల్ల అయ్యేది కాదు. వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. మా చుట్టాల్లో మూడు తరాలవాళ్లు నవ్వేశాక, కొత్తగా మీ దగ్గర దాచుకోవడానికి నాకు మిగిలిన పరువంటూ ఏముంది?

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తిరుపతిలో ఒక చిన్న బడిలో అయ్యవారిని. ప్రపంచంలో యుద్ధం జరుగుతోంది. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో అక్కడి జనం పెట్టెలూ, బిందెలూ, పిల్లలూ, పిల్లులతో సహా మావైపు వచ్చేశారు. మా పక్కింట్లో దిగినాయన రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నాకు జ్ఞానబోధ చేసేవాడు.

"ఆపద వొచ్చేముందు జాబు రాయదు అయ్యవారూ. మగోడన్నాక జేబులో కత్తి ఉండల్ల. మడిస్తే మడవల్ల, తెరిస్తే తెరుచుకోవల్ల."

ఆకాశంలోంచి బాంబు పడుతుంటే జేబులోంచి కత్తి తీసి ఏం చెయ్యాలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరం గంభీరంగా తలలూపుకున్నాం. ఆ రాత్రికే నాకు కత్తి లేని జేబు చొక్కాకు పట్టిన దరిద్రంలా కనిపించడం మొదలైంది.

కత్తి ఎంచుకోవడంలో నేను చూపిన శ్రద్ధ పిల్లలకు పాఠం చెప్పడంలో చూపి ఉంటే ఈపాటికి తిరుపతి నిండా కలెక్టర్లే ఉండేవాళ్లు. నా షరతులు మూడు. నా జీతానికి అందాలి, సమయానికి మోసం చెయ్యకూడదు, జేబులో ఉన్నట్టు తెలియకూడదు.

మొదట కమ్మరి దగ్గర ఒకటి చేయించాను. పదును బ్రహ్మాండం. కానీ దానికి స్వతంత్రభావం ఎక్కువ. ఎప్పుడు తెరుచుకోవాలో తనే నిర్ణయించుకునేది. ఒకరోజు బడిలో ఎక్కాలు చెప్పిస్తుండగా తెరుచుకుని, జేబు చీల్చుకుని, నా కాలి బొటనవేలికి అంగుళం దూరంలో నేలలో దిగబడింది. ఆరో ఎక్కం దగ్గర పిల్లలందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. తరువాత పక్కింటాయన తన సీమ కత్తి చూపించాడు. దానికి కోసే అలుగులు రెండు, ఒక తిరుగుడు మేకు, డబ్బామూత తీసేది ఒకటి, ఎందుకో ఆయనకే తెలియనిది ఇంకొకటి. అమ్ముతానన్నాడు. వెల విన్నాక కత్తి లేకుండానే నా గొంతు తెగినట్టయింది.

చివరికి రైలుస్టేషను దగ్గర ఇనపసామాన్ల అంగడికి పోయాను. అంగడాయన పేరు యేసుపాదం. కొమ్ము పిడి ఉన్న కత్తి ఒకటి తీసి దానితో పురికొస కోశాడు, పెన్సిలు చెక్కాడు, తన ముంజేతి మీద వెంట్రుకలు గొరిగాడు. ఇంకొంచెంసేపు ఊరుకుంటే నా మీసం మీదికి వచ్చేట్టున్నాడు.

"పిడి చివర ఈ ఇనప ఉంగరం దేనికి?" అని అడిగాను.

"మొలతాటికి తగిలించుకొనేదానికి అప్పా."

"కాదు. ఇందులో వేలు దూర్చి పట్టుకుంటే ఆపదలో కత్తి చెయ్యి జారదు" అన్నాను, కత్తుల మధ్యనే పుట్టి పెరిగినవాడిలా.

యేసుపాదం నన్ను ఒక క్షణం చూసి, "అట్టగూడా చెయ్యచ్చు. వేలు మీది గదా" అని కత్తి కాగితంలో చుట్టిచ్చాడు.

వారం తిరగకముందే మా గురప్పమామ ఒక సంబంధం తెచ్చాడు. గురప్పమామ మా అమ్మకు అన్న. నోరు తెరిస్తే చాలు, ఎంతటి తగువైనా తీరేదని పేరు. తీరకపోతే కొత్తది మొదలయ్యేది. కార్వేటినగరంలో చెంగల్రాయుడని పొలాలూ పరువూ ఉన్న రైతు. ఆయన కూతురు కనకం. అంతకుముందు నాకు రెండు సంబంధాలు వచ్చి, అయ్యవారి జీతమని తెలిసి వెనక్కి పోయాయి. "ఇది గూడా పోయిందంటే నువ్వు బడిపిల్లోళ్లని పెంచుకోవల్సిందే" అని మామ ముందే హెచ్చరించాడు.

పుత్తూరులో రైలు దిగి జట్కా ఎక్కాం. సగం దారిలో జట్కా తోలు పట్టీ ఒకటి రోడ్డు పక్క తుమ్మకంపకు తగులుకుంది. గుర్రం ఆగిపోయింది. బండాయన చుట్ట ఆర్పకుండానే, "ఏం లేదు సామీ, పట్టీ ఇరుక్కున్నాది" అని దిగాడు.

ఆపద! జాబు రాయకుండా వచ్చేసింది! నా ఒళ్లు పులకరించింది.

"తాకొద్దు! నేనుండాను!" అని అరిచి దూకాను.

"ఒరే మునిరత్నం, దిగబాకరా, కొత్త పంచె!" అన్నాడు మామ. వింటానా? కత్తి తీశాను. ఉంగరంలో చూపుడువేలు దూర్చాను. కణుపు దగ్గర బిగిసింది. వీరుడు కణుపులకు వెరవకూడదని బలంగా తోశాను, దాటిపోయింది. టక్కున అలుగు తెరుచుకుంది. ఎండలో మెరిసింది. నేను ఖడ్గం ఎత్తి వెనక్కి తిరిగేసరికి బండాయన ఒక కంపకొమ్మ పక్కకు వంచి, పట్టీ విడిపించి, తన జాగాలో కూర్చుని చుట్ట పీలుస్తున్నాడు.

"ఎక్కండి సామీ, పోదాం" అన్నాడు.

సరే అని కత్తి మూయబోయాను. మూసుకోలేదు. అరచేత్తో నొక్కాను. బండి చక్రానికి ఆనించి తోశాను. మామ రెండు చేతులతో ప్రయత్నించి, "దీనికి మూసుకొనే గుణం లేదురా" అని తేల్చేశాడు. పోనీ, వేలి నుంచి తీసేద్దామంటే అదీ రాలేదు. లాగినకొద్దీ వేలు ఉబ్బింది. ఉబ్బినకొద్దీ ఇంకా లాగాను. కాసేపటికి నా చూపుడువేలు ముదిరిన వంకాయలా నిగనిగలాడుతోంది, దాని చివర కత్తి, నేను పుట్టినప్పుడే దానితో పుట్టినట్టు!

"యాడన్నా పారెయ్‌రా!"

"పారేస్తే వేలు గూడా పోతాది మామా!"

"వెనక్కి పోదామా?"

"మంచి గడియ దాటిపోతాదంటివే!"

మామ తన తుండుగుడ్డ తీసి నా చేతికీ కత్తికీ కలిపి చుట్టాడు. మోచేతి దాకా పెద్ద మూట అయింది. "ఎవురన్నా అడిగితే సుమ్మా నోరు మూసుకోని ఉండు. నేను మాట్లాడతా" అన్నాడు. ఆయన మాట్లాడతానన్నప్పుడే నేను జట్కాలోంచి దూకి పారిపోయి ఉండాల్సింది.

చెంగల్రాయుడు గడపలో ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. నేను ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తాను. బండ్లు ఆపే పోలీసువాడిలా ఉన్నాననుకుంటాను, ఆయన నిజంగానే ఆగిపోయాడు.

"చేతికి ఏమైనాది అబ్బా?"

"బెణికింది" అన్నాను నేను.

"తేలు కుట్టినాది" అన్నాడు మామ, అదే క్షణంలో.

చెంగల్రాయుడు నావైపోసారి, మామవైపోసారి చూశాడు. మామ ఏమాత్రం తొణకలేదు.

"తేలు కుట్టినాది. ఆ అదురుకు ఎగిరి కిందపడినాడు. బెణికింది."

అబద్ధం అక్కడికి అతికినట్టే ఉంది. కానీ మాకు తెలియని సంగతొకటుంది. ఆ ఇంటి అవ్వ, అంటే చెంగల్రాయుడి తల్లి, తేలు మంత్రానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పేరుమోసిన మనిషి. 'తేలు' అన్న మాట చెవిన పడగానే లోపలినుంచి చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చేసింది.

"ఎవుర్ని కుట్టినాది? నేనీడుండంగా ఏం భయం నాయనా? ఇటు తే చెయ్యి!"

"వొద్దవ్వా, తగ్గిపోయింది!"

"తేలు విషం అట్ట తగ్గిపోతాదా? సదువుకున్నోళ్లకు ఏం తెలుస్తాది! తే!"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అవ్వ ముందుకు లాగింది. డెబ్బై ఏళ్ల ఆ చేతుల్లో ఎంత బలముందో ఆనాడు తెలిసింది. మామ "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ అడ్డం వచ్చేలోపలే తుండుగుడ్డ చుట్టలు చుట్టలుగా ఊడిపోయింది. ఆఖరి చుట్టలోంచి బెత్తెడు అలుగు తళుక్కుమంటూ బయటపడింది.

అవ్వ వంగి, కళ్లు చిట్లించి చూసింది.

"ఇంత పొడుగు కొండి ఉండే తేలును నేను పుట్టి బుద్ధెరిగినాక చూడలేదు గదప్పా!"

ఆ తరువాత ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం. "కత్తి! కత్తి!" అని ఎవరో కేక పెట్టారు. ఆడవాళ్లు లోపలికి పరిగెత్తారు. చెంగల్రాయుడు మూలనున్న దుడ్డుకర్ర అందుకున్నాడు.

"పెండ్లిసూపులకొచ్చినారా, దోపిడీకొచ్చినారా?"

"దోపిడీకొచ్చేటోడు అరటిపండ్లు తెస్తాడా అప్పా?" అన్నాడు మామ, పండ్ల బుట్ట డాలులా ముందుకు పట్టుకుని.

"అరటిపండ్లు కొయ్యనీకి కత్తి తెచ్చినారా?"

మామ బుట్టలోని పండ్లవైపు చూసుకున్నాడు. ఇక లాభం లేదని నేను నిజం చెప్పేశాను. యుద్ధం దగ్గర మొదలుపెట్టాను. మద్రాసు బాంబులు, పక్కింటాయన, తోలు పట్టీ, తుమ్మకంప, ఉంగరం... ఒకటీ వదలలేదు. చెప్పేకొద్దీ నాకే నా మీద జాలి వేసింది. కర్ర మాత్రం దిగలేదు.

అప్పుడు తలుపు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక పొంగిపోయిన నవ్వు. దాని వెంటే కనకం బయటికి వచ్చింది.

"నాయనా, ముందా కర్ర పక్కన పెట్టు. ఆయన వేలు సూడు, నల్లబడతా ఉండాది."

అందరూ చూశారు. నేనూ చూశాను. నిజంగానే వేలు నల్లబడుతోంది. అంతవరకు పరువు గురించి ఏడుస్తున్నవాణ్ణి, అప్పుడు వేలు గురించి వణకడం మొదలుపెట్టాను. బడిలో ఇక సుద్దముక్క ఏ చేత్తో పట్టుకోను?

కనకం ఆముదం గిన్నె, పూలు కట్టే దారం తెచ్చింది. నా ఎదుట కూర్చుని, ఉంగరం అంచునుంచి గోరుదాకా వేలికి దారం బిర్రుగా చుట్టింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాని మీద ఆముదం పోసి, ఉంగరాన్ని మెల్లమెల్లగా తిప్పుతూ పైకి తోసింది. పెళ్లికూతుర్ని చూద్దామని అంత దూరం పోయిన నాకు ఆపూట కనిపించింది ఆమె నడినెత్తి పాపిడి ఒక్కటే. పాపిడి మాత్రం చాలా తిన్నగా ఉంది.

"మేయ్ కనకా, ముహూర్తం పెట్టకముందే చెయ్యి పట్టుకుంటివే!" అంది అవ్వ.

"చెయ్యి కాదవ్వా, వేలే" అంది కనకం, తలెత్తకుండా.

ఉంగరం కణుపు దాటి ఊడివచ్చింది. నా ప్రాణం తిరిగివచ్చింది. కనకం కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, పిడి వీపున ఉన్న చిన్న ఇనప నాలుకను బొటనవేలితో నొక్కింది. అలుగు బుద్ధిగా లోపలికి పోయి పడుకుంది.

మామ నోరు తెరిచాడు. "అది మూసుకుంటాదని నీకెట్ట తెలిసినాది తల్లీ?"

"తెలీదు మామా. సూసినాను. ఆయన సూడలేదా?"

ఆయన చూడలేదు. వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగిన ఆయన, కొత్త వస్తువన్న గౌరవంతో దాన్ని తెరిచిందే ఆరోజు. ఆయన ఇప్పుడు నేలలో ఎక్కడైనా చీలిక ఉందేమోనని వెతుక్కుంటున్నాడు.

చెంగల్రాయుడు కర్ర దించాడు. కానీ ముఖం చూస్తే మూడో సంబంధమూ పోయినట్టే అనిపించింది. మేము లేవబోతుంటే అవ్వ అందరి ముందే మనవరాలిని అడిగేసింది.

"ఏమ్మే, నచ్చినాడా?"

కనకం చేతిలోని కత్తివైపు చూసింది. "కత్తి నచ్చినాది అవ్వా."

"కత్తి సంగతెవురడిగినారే? అబ్బోడు?"

"కత్తి నాకు రావల్లంటే ఆయన గూడా దాంతో రావల్ల గదా!"

ముందుగా నవ్వింది చెంగల్రాయుడే. అంతవరకు డాలులా పట్టుకున్న అరటిపండ్ల బుట్టను మామ అప్పుడు కింద పెట్టాడు.

అట్లా కత్తికి తోడుగా నన్ను కూడా చేసుకుంది కనకం. పెళ్లయిన నాటినుంచి ఆ కత్తి ఆమె దగ్గరే ఉంది. మామిడికాయ కోసినా, మూట విప్పినా, పిల్లలకు పలకబలపం చెక్కినా ఏనాడూ మోసం చెయ్యలేదు. నన్ను మాత్రం దాన్ని ముట్టుకోనివ్వదు. ఆపద వస్తే తనను పిలవమంది.

కనుక చదువరులారా, ఏడుకొండలవైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, పది వేళ్లూ సరిగ్గా ఉన్నాయని లెక్కచూసుకుని ప్రమాణం చేస్తున్నాను. బతికినన్నాళ్లు ఏ కత్తి ఉంగరంలోగాని, ఏ ఊరి తగువులోగాని, ముఖ్యంగా మా ఆవిడ చేసే ఏ పనిలోగాని, నేను వేలు పెట్టను.