వాన పడ్డ మర్నాడే పెట్టిన పరీక్ష

మూడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. గుండె మీద బండరాయి అని రాద్దామనుకున్నాను గానీ అబద్ధమవుతుంది. దాన్ని తూకం వేశాను. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. నా మంచం కింద గోనెసంచిలో ఉంది.

కంగారు పడకండి, శవం కాదు. ఒక చిన్న మోటారు, ఒక బెల్టు, రెండు బ్రష్షులు, నూలుగుడ్డ చుట్టిన ఒక రోలరు. మా షెడ్డులో డబ్బాలకు లేబుళ్లు అంటించే మిషన్లు చేస్తాం. నూనె డబ్బాలు, డ్రిప్పు పైపులు కడిగే యాసిడ్ క్యాన్లు, పురుగుమందు డ్రమ్ములు. డబ్బా బెల్టు మీద వస్తుంది, చుట్టలోంచి లేబులు ఊడి వస్తుంది, రోలరు దాన్ని అదిమి అంటిస్తుంది. దానికి ఒక్క క్షణం ముందు డబ్బా ఒంటిని తుడిచేది ఈ సంచిలోని సామానే. చేసినవాడు మా ఫిట్టరు తిప్పన్న. తీసేసినవాణ్ణి నేను.

నేనప్పుడు కొత్త ఇంజనీరుని. మిషన్లో పార్టులు ఎక్కువయ్యాయి, తేలిక చెయ్యమన్నారు ఓనరు. చేశాను. బాగా చేశాను కూడా. మూడు చోట్ల తిప్పాల్సిన మరలను ఒక్క పిడికి తెచ్చాను. పదకొండు రకాల బోల్టులను రెండు రకాలకు కుదించాను, ఒకే పానాతో మిషనంతా విప్పొచ్చు. వాటి గురించి నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. అక్కడితో ఆగి ఉంటే మీకీ గోల ఉండేది కాదు. కానీ డ్రాయింగులో ఆ బ్రష్షుల యూనిట్ ఒక్కటి కణితిలా వేలాడుతూ కనబడింది. కొట్టేశాను.

"ఏమప్పా, మొగం తుడచకుండా బొట్టు పెడితే నిలబడ్తాదా?" అన్నాడు తిప్పన్న, డ్రాయింగు చూసి.

"ఇది స్టిక్కర్ బొట్టన్నా. జిగురు దాంట్లోనే ఉండాది."

"జిగురుకి డబ్బా అయితేనేమి, దుమ్మయితేనేమి? ఏది ముందొస్తే దాన్ని పట్టుకుంటాది. గాలికాలం రానీ, అప్పుడు పెట్టి చూడు."

"గాలికాలం దాకా ఆగితే నాకు పెండ్లీడు దాటిపోతాదన్నా."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన మాట నిజమని నాకు అప్పుడే తెలుసా? తెలియదనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. తెలుసు. తెలియకపోతే వాన కోసం ఎందుకు ఎదురుచూస్తాను?

తప్పంతా అక్కడే ఉంది. ఓనరు ముందు జరగాల్సిన పరీక్షను ఏవేవో సాకులతో మూడుసార్లు వాయిదా వేసి, తొలివాన పడి దుమ్మంతా అణిగిన మర్నాడు పెట్టాను. అనంతపురం జిల్లాలో వేరుశెనగ విత్తనం సిద్ధం చేసుకుని ప్రతివాడూ మబ్బులు చూస్తాడు. ఆ ఏడు దురుద్దేశంతో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. రెండు వందల డబ్బాలు నడిపాం. ఒక్క లేబులూ లేవలేదు. ఓనరు నా భుజం తట్టారు. తిప్పన్న తలుపు దగ్గర నిలబడి తడినేలను చూశాడు.

ఆషాఢం గాలి వచ్చింది. అప్పటికి మిషన్ కళ్యాణదుర్గం రోడ్డులో, బీడు మధ్యనున్న ఒక యాసిడ్ క్యాన్ల ఫ్యాక్టరీకి చేరింది. ఎర్రదుమ్ము పట్టిన క్యాన్ల మీద పొద్దున అంటిన లేబుళ్లు మధ్యాహ్నానికి ఊడిపోయాయి. ఏ క్యాన్లో ఏముందో తెలియక వాళ్లు లోడు ఆపేశారు. మేం వెళ్లేసరికి గేటు దగ్గర ఒక మేక వీపు మీద 'ఈ వైపు పైకి' అని ఉంది. నా డిజైన్ మొత్తానికి సరైన చోట అంటుకున్న లేబులు అదే.

ఓనరు నవ్వలేదు. లేబులు అదిమే రోలరు బిగించింది ఎవరని అడిగారు. బిగించింది తిప్పన్నే. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుందని, తుడిచే యూనిట్ తీసింది ఎవరో అడగమని, నేను చెప్పాలి. "బిగింపులో ఏదో తేడా ఉన్నట్టుంది సార్" అన్నాను. తిప్పన్న నా వైపు చూశాడు. కోపంగా చూసుంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. కొలత సరిపోని పార్టును చూసినట్టు చూశాడు. వారంలో ఆయన్ను మాన్పించారు. ఇప్పుడు తాడిపత్రిలో బండలకు పాలిష్ పడుతున్నాడట.

రెండు నెలలయ్యాక అదే యూనిట్‌ను మళ్లీ గీశాను. 'క్లీనింగ్ మాడ్యూల్' అని పేరు పెట్టాను. డ్రాయింగు మూలలో 'మార్పుకు కారణం' అనే గడి ఉంటుంది. అందులో 'కొత్త మెరుగుదల' అని రాసి సంతకం పెట్టాను. ఓనరు మళ్లీ భుజం తట్టారు. తీసినందుకు ఒకసారి, పెట్టినందుకు ఒకసారి.

ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, ఓనరు తిట్టి ఉంచుకునేవారు. తెలివైనవాడన్న పేరు పోతుందని. అంతే. ఏదన్నా ముంచుకొస్తే ముందు ఒక జోకు వేసి, జనం నవ్వు ఆగేలోపు పక్కకు తప్పుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. పైన మేక సంగతి రాసినప్పుడు కూడా, ఇప్పుడు చదువుకుంటే, అదే పని చేశాను.

ఈ పొద్దున ఆ డ్రాయింగు తెరిచాను. గడిలో ఉన్నది చెరిపి, 'ఇది తిప్పన్న చేసిన యూనిట్. అవసరమని తెలిసే తీసేశాను. లేబుళ్లు ఊడితే నింద ఆయన మీద పడనిచ్చాను' అని రాశాను. గడి చాలలేదు. గడినే పెద్దది చేశాను. ఓనరుకు పంపాను. మీకు ఇది రాస్తుండగా ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. పూర్తయ్యాక ఎత్తుతాను.

రేపు తాడిపత్రి బస్సెక్కుతాను. తిప్పన్న క్షమిస్తాడని కాదు, అడగను కూడా. ఆయన సామాను ఆయనకు చేరాలి. ఓనరుకు ఏం రాశానో నా నోటితోనే తిప్పన్న వినాలి. ఆపైన ఆయనిష్టం.

సంచి ఇప్పుడే మళ్లీ తూచాను. నాలుగు కిలోల రెండు వందలే, ఒక్క గ్రామూ తగ్గలేదు. మంచం కిందికి మాత్రం తొయ్యలేదు. వాకిలి దగ్గర పెట్టాను.