తుకారాం రుచి చూసిన నల్లనీళ్లు

బోధన్ పక్క చెరకు ఊళ్లకు ఒక సర్కారు ఆఫీసు ఉండేది. నేల, నీళ్లు పరీక్ష చేయడం దాని పని. అందులో తుకారాం పన్నెండేళ్లుగా రోజుకూలీ జవాను. నీళ్లు నాలుక మీద వేసుకుని ఉప్పో, చౌడో, పులుపో ఇట్టే చెప్పేవాడు. ఆఫీసులోని యంత్రమూ అదే చెప్పేది, కాకపోతే వారం తర్వాత. యంత్రానికి సొంత గది ఇచ్చారు గాని తుకారాంను పర్మనెంటు చేయలేదు.

1964లో లింగవ్వ అనే రైతు మొర పెట్టుకుంది. ఆమెకున్నది ఒక్క ఎకరం, అదీ పల్లంలో. చుట్టుపక్కల చెరకు కొట్టినవాళ్లంతా ఆకు తెచ్చి అందులోనే పడేసేవాళ్లు. వాననీళ్లు నిలిచి డికాషన్ రంగుకు తిరిగాయి. రెండేళ్లుగా వరి నాటు చచ్చిపోతోంది. మూడోసారీ పోతే భూమి అమ్ముకోవడమే.

కొత్తగా వచ్చిన సారు బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడ్డాడు. తుకారాం దిగి, నీళ్లు రుచి చూసి, ఉమ్మేసి, పులుపన్నాడు. సారుకు నవ్వొచ్చింది. పుల్లటి నీళ్లుండేది బోర్నియో అడవుల బురదల్లోనని, తాను కాలేజీలో చదివానని చెప్పాడు. అక్కడ ఆకులూ వేర్లూ నీళ్లలో మునిగి, గాలి తగలక సగం సగం కుళ్లి, ఆమ్లం ఊరుతుందట. వచ్చేది ఉత్త వాననీరే కాబట్టి ఆ పులుపును విరిచే సున్నం అందులో ఉండదట. మోకాళ్లలోతు కుళ్లిన చెరకు ఆకులో నిలబడి తుకారాం శ్రద్ధగా విన్నాడు. ఈ జిల్లాలో చెడిన నేలంతా చౌడేనంటూ సారు చౌడుకు మందుగా వేసే జిప్సం పది బస్తాలు రాసిచ్చాడు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

మర్నాడు తుకారాం ఒక్కడే లింగవ్వ దగ్గరికి పోయాడు.

"ఆకంత తీసెయ్యి అక్కా. కాల్వ కొట్టి నీళ్లు ఇడువు. ఎనక ఇంత సున్నం సల్లు. జిప్సం జోలికి పోకు."

లింగవ్వ అట్లాగే చేసింది. ఆ ఏడు వరి నిలిచింది.

సారు జిప్సం మహిమ మీద పెద్ద రిపోర్టు రాశాడు. ఆఫీసు పంపిన బస్తాలు మూతి కుట్టు విప్పకుండా లింగవ్వ కొట్టంలో పడి ఉన్నాయి. జిప్సం చల్లగా కళ్లారా చూశానని తుకారాం సంతకం చేయాలి. అతని పర్మనెంటు కాగితమూ అదే ఫైల్లో ఉంది. తుకారాం సంతకం పెట్టాడు. నేనైతే పెట్టేవాణ్ణి కాదని గొప్పలు పోను. పన్నెండేళ్లు రోజుకూలీ చేసి మీరూ చూడండి.

మరుసటి ఏడు లింగవ్వ తన చెల్లెలి పొలంలోని నల్లనీళ్లు చెంబులో ఆఫీసుకు పట్టుకొచ్చింది. సారు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. తుకారాం చెంబు ముట్టలేదు.

"నాకేం తెలుస్తది అక్కా, సారునడుగు."

లింగవ్వ అతని మొహంలోకి చూసింది. సారును మాత్రం అడగలేదు. అక్కడే ఒక గుక్క నోట్లో పోసుకుని, గుమ్మం బయట ఉమ్మి, "పుల్లగున్నది," అంది. చెంబు తీసుకుని కాలువ కొట్టడానికి పోయింది.

ఆ పూట తుకారాంకు అన్నం సయించలేదు.