తూము దగ్గరి మట్టి

నల్గొండ కాలేజీలో నేను జియాలజీ చెప్తాను. ఏటా ఒక పాఠం దగ్గర నాకు మా ఊరి చెరువు గుర్తొస్తుంది. ఎప్పుడో లక్షల ఏళ్ల కింద ఎండిపోయిన సరస్సులో, ఏరు వచ్చి కలిసిన చోట మట్టి ఎలా పొరలు కట్టిందో చెప్పే పాఠం అది. నీళ్లు నెమ్మదించగానే బరువైన ఇసుక ముందే పడిపోతుంది. సన్నటి ఒండ్రు లోపలిదాకా పోయి దిగుతుంది. ఎగువ నుంచి మట్టి ఎక్కువొస్తే మేట సరస్సులోకి జరుగుతుంది, తగ్గితే నీళ్లే మేట మీదికి వస్తాయి. పిల్లలకు పది నిమిషాల్లో అర్థమవుతుంది. అవసరమైన రోజున నాకే గుర్తు రాలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి చెరువు పూడిక తీశారు. గొర్లు కాసే మా బాపుకు ఎకరం ఎర్ర చెల్క నేల ఉండేది. అందులో చెరువు మట్టి పోయించాలని ఆయనకు ఏళ్లనాటి ఆశ. "తూము కాడ ఎత్తించు బిడ్డా, ఆడ నల్లగ వెన్నలెక్క ఉంటది" అని నన్ను చెరువుకు పంపి, తను చెల్కలో నిలబడ్డాడు. చెరువు లోతట్టున, తూము దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఎండలో ఆగే ఓపిక నాకెక్కడిది! వాగు చెరువులో కలిసే చోట ఒక జేసీబీ ఖాళీగా కనబడింది. పైపైన నల్లమట్టి కూడా ఉంది. అదీ చెరువు మట్టే కదా అని ట్రాక్టర్‌ను అటు తిప్పించి, నేను పోయి వేపచెట్టు నీడన కూర్చున్నాను.

సాయంత్రం చెల్కకు పోయి చూస్తే ఎనిమిది ట్రిప్పుల ఇసుక. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

బాపు ఒక్క మాట అనలేదు. ఆ ఇసుక మీద ఎరువు కోసం నెల రోజులు గొర్ల మంద పెట్టాడు. మరుసటేడు పల్లి వేస్తే కాయ బాగానే పట్టింది. "నీ మట్టి పల్లికి మంచిగున్నది" అని నవ్వాడు. తప్పయింది బాపూ అని నేను అనలేదు. అందామనుకుంటూనే ఏళ్లు గడిపాను. మూడేళ్ల కింద ఆయన పోయాడు.

ఈ వేసవిలో మళ్లీ మట్టి కోసం చెరువుకు వెళ్లాను. ఎగువన చెక్‌డ్యాం కట్టాక వాగు ఇసుక తేవడం తగ్గింది, ఆనాటి మేట సగం అరిగిపోయింది. ట్రాక్టర్ అతను మాత్రం అప్పటివాడే. ఆ ఇసుక సంగతి నేనే నవ్వుతూ ఎత్తాను. అతను నవ్వలేదు.

"మొదటి ట్రిప్పుకే మీ బాపు చేతిల ఎత్తి చూసిండక్కా. ఇసుక గదా మామా, పోయి అక్కకు చెప్పొస్త అన్న నేను. వద్దన్నడు. నా బిడ్డ సదువుకున్నది, నలుగుర్ల దాని మాట తీసెయ్యద్దు, ఇసుకనే పొయ్యి అన్నడు."

ఆ నిమిషాన బాపును ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది.

"ఏడ ఎత్తమంటవక్కా?" అని అతను అడిగాడు.

తూము వైపు చూపించాను. మొదటి ట్రిప్పు వెనకాలే చెల్కకు నడిచాను. మట్టి నల్లగా, వెన్నలా దిగింది. దోసిట్లోకి తీసుకుని అలవాటుగా వెనక్కి తిరిగాను, బాపుకు చూపిద్దామని.