మూడోసారి తీసిన వీడియో

నతానియేలుది పెద్ద గొంతు. రాజోలు అవతల కాలవ గట్టు మీదున్న రొయ్యల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళ కిందట ఐసు టబ్బులు మొయ్యడానికి చేరిన దగ్గర్నించీ ఆ గొంతే అతన్ని పైకి తెచ్చింది. రొయ్యలు ఒలిచే హాల్లో రెండొందల మంది ఆడవాళ్ళుంటారు. నీళ్ళ చప్పుడు, ఫ్యాన్ల హోరు. అందులో ఈ చివర్నించి ఆ చివరికి మాట వినిపించగలిగినవాడు అతనొక్కడే. అది చూసి ముందు సూపర్‌వైజరుని చేసేరు, ఆరేళ్ళకి షిఫ్టు మేనేజరుని చేసేరు. తాత పాలేరు, తండ్రి మిషన్ స్కూల్లో అటెండరు. ఆదివారం చర్చి దగ్గర ఎవరైనా "మేనేజరుగారూ" అని పిలిస్తే, పక్కనున్న భార్య జెస్సీ నవ్వు దాచుకోవడానికి కొంగు సర్దుకునేది.

ఏడాదిన్నర కిందట హైదరాబాదు ఆఫీసు వాళ్ళు మేనేజర్లందరికీ వీడియో ట్రైనింగు పెట్టేరు. రోజూ ఫోన్లో పది నిమిషాల పాఠం చూడాలి. వారానికోసారి ట్రైనరు వచ్చి, మనం మాట్లాడుతుంటే కెమెరాతో తీసి, అదే టీవీలో వేసి తప్పులు చూపిస్తుంది. ఆ ట్రైనరు పేరు రమ్యశ్రీ. కాకినాడ అమ్మాయి, ముప్ఫై దాటలేదు. మాట మెత్తన, పని మాత్రం గట్టిది.

మొదటి వారం ఆ అమ్మాయి హాల్లో ఓ మూల నిలబడి నతానియేలు పని చేయిస్తుంటే తీసింది. మీటింగు రూములో టీవీ పెట్టి, సౌండు తీసేసింది.

"మాట వినొద్దండి. మనిషిని చూడండి చాలు."

నతానియేలు చూసేడు. మెడ నరం ఉబ్బిపోయి, వేలు చూపిస్తూ, నోరు తెరిచి మూస్తున్న ఓ మనిషి. ఆ మనిషి ముందు తల్లి వయసున్న ఆడది భుజాలు ముడుచుకుని నిలబడి ఉంది. అది తనే. ఆ రోజు ఇంటికెళ్ళేక అన్నం సరిగ్గా తినలేకపోయేడు.

అప్పట్నించీ పట్టుదలగా నేర్చుకున్నాడు. చేతులు రెండూ నడుము ఎత్తులో కలిపి పట్టుకోవడం, ఎదటివాళ్ళ మాట పూర్తయ్యేక మూడు అంకెలు లెక్కపెట్టి జవాబివ్వడం, గొంతు తగ్గించడం, 'మీ భయం నాకర్థమైంది' అనడం. అద్దం ముందు కూడా చేసేవాడు. రెండు నెలల్లో హాల్లో అరుపన్నది లేకుండా పోయింది. ఆడవాళ్ళు ముందు సంతోషించేరు. తరవాత్తరవాత అతను వస్తుంటే మాటలు ఆపేసేవారు.

ఒలిచేవాళ్ళలో జయమ్మ ఒక్కర్తీ మాత్రం పైకే అంది. "ఇదివరకు తిట్టినా, అక్కా అని తిట్టేవారండి తమ్ముడుగారూ. ఇప్పుడు జయమ్మగారూ అంటున్నారు. నాకేదో బెదురుగా ఉందండి."

ఇంట్లో జెస్సీ కూడా ఓ రోజు కూర వడ్డిస్తూ ఆగిపోయింది. "మీరు మాట్లాడుతున్నది నాతోనేనాండీ? ఎవరో వెనకనించి తీస్తున్నట్టు మాట్లాడుతున్నారు."

జయమ్మది నగరం అనే పల్లె. గ్యాసు పైప్‌లైను పేలి మనుషులు పోయిన ఊరు. ముక్కుకి తగిలిన వాసన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఆ ఊరివాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. హాల్లో ఆవిడ కూర్చునేది గోడవారగా, చివరి బల్ల దగ్గర. గోడ అవతల కంప్రెసర్ రూము. చల్లదనానికి వాడే అమ్మోనియా అంతా అక్కణ్ణించే పైపుల్లో తిరుగుతుంది. జూన్ మొదటివారంలో ఆవిడ మొదటిసారి చెప్పింది, మధ్యాన్నం పూట ముక్కు మండుతోందని. నతానియేలు వెళ్ళి నిలబడ్డాడు. నిజమే. సన్నగా, కళ్ళలో సూదిమొనలా తగిలింది, పోయింది.

కంప్రెసర్ చూసే సింహాద్రిని అడిగేడు.

"గోడ దగ్గర వాల్వు పాతబడిపోయిందండి. రెండుసార్లు పుస్తకంలో రాసేను. రెండు రోజులు మొత్తం ఆపితే గాని మార్చడం కుదరదండి," అన్నాడు సింహాద్రి.

ఆ పుస్తకం తీసుకుని నతానియేలు ఫ్యాక్టరీ పెద్ద శ్యామ్ సుందర్ గదికి వెళ్ళేడు. ఆయన చేతులు రెండూ కలిపి బల్ల మీద పెట్టుకుని పూర్తిగా విన్నాడు. విన్నాక మూడు క్షణాలు ఆగేడు.

"మీ ఆందోళన నాకర్థమైంది నతానియేలుగారూ. ఈ ఎగుమతి ఆర్డరు వెళ్ళిపోనివ్వండి, ఆపి చూద్దాం. ఈలోగా మన జనం ధైర్యం చెడకుండా చూడటం మీ నాయకత్వం."

అది మూడో పాఠం. తనకి నేర్పిన పాఠమే తన మీద చదివేరు. అయినా అతను తలూపి బయటికొచ్చేడు. అంత మర్యాదగా చెప్పినాయనతో ఏమని దెబ్బలాడతాడు?

ఆ నెలాఖర్లోనే రమ్యశ్రీ చివరి పరీక్ష పెట్టింది. భయపడిన ఉద్యోగితో ఎలా మాట్లాడాలో చేసి చూపించాలి. "నిజంగా జరిగింది తీసుకోండి సార్. కల్పించింది కెమెరాలో తెలిసిపోతుంది," అంది. నతానియేలుకి ఆ క్షణాన తోచింది జయమ్మే. వెళ్ళి అడిగితే ఆవిడ చేతులు కడుక్కుని, ఏప్రాను విప్పి, మీటింగు రూములో కుర్చీ అంచున కూర్చుంది.

మొదటిసారి తీసినప్పుడు ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ముక్కు మండుతోందనీ, ఇంటికెళ్ళేక కూడా దగ్గు ఆగట్లేదనీ, గోడ అవతల ఏదో చెడిందనీ. నతానియేలు నేర్చుకున్నట్టే మాట్లాడేడు. అంతా విని ఆవిడ, "అర్థమయితే సరిపోదు కదండీ, బాగు చేయించాలి కదండీ," అంది. రమ్యశ్రీ కెమెరా ఆపేసింది. రెండోసారీ అంతే. ఈసారి జయమ్మ, "ఆ బల్ల దగ్గర నేను కూర్చోనండి," అని లేచి నిలబడింది.

రమ్యశ్రీ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "అమ్మా, చివర్లో మీరు ఒప్పుకోవాలమ్మా. ఇది పాఠం కోసమేనమ్మా."

జయమ్మ నతానియేలు వంక చూసింది. అతను కిటికీ వైపు చూసేడు.

మూడోసారి ఆవిడ చెప్పవలసిందంతా చెప్పి, అతను చెప్పవలసిందంతా విని, "ఆయ్, అలాగేనండి. మీరింత చెబుతున్నారు కదండీ," అని లేచి తలుపు వైపు నడిచింది. ఆ నడక కూడా వీడియోలో ఉంది.

అది కంపెనీ ఫ్యాక్టరీలన్నిటికీ వెళ్ళింది. నతానియేలుకి సర్టిఫికెట్టు ఇచ్చేరు. జెస్సీ దాన్ని ఫ్రేము కట్టిద్దామంది. వద్దన్నాడు.

వర్షాలు ముదిరేయి. ఎగుమతి ఆర్డరు వెళ్ళింది, వెనకే మరోటి వచ్చింది. వాల్వు సంగతి సింహాద్రి మూడోసారి రాసేడు, నాలుగోసారి రాసేడు. జయమ్మ మళ్ళీ నోరెత్తలేదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ఒలుచుకుంటూ కూర్చునేది. పక్క బల్లవాళ్ళూ కట్టుకోవడం మొదలెట్టేరు. హాల్లో అటు నించి చూస్తే సగంమంది మొహాలు కనపడేవి కావు. నతానియేలు ఆ వరస దగ్గరికి వెళ్ళడం తగ్గించేడు. వెళితే అందరి కళ్ళూ ఒకేసారి పైకి లేచేవి.

ఆగస్టులో ఓ బుధవారం, మధ్యాన్నం మూడు దాటింది. గోడ అవతల ఏదో పగిలిన చప్పుడైంది. వెనకే బుస్సుమని ఆగకుండా మోత. గోడకీ రేకుకీ మధ్య సందులోంచి తెల్లటి పొగ పాకుతూ లోపలికొచ్చి, కిందికి దిగడం మొదలెట్టింది. ఒలుస్తున్న చేతులు రెండొందల జతలూ ఆగిపోయేయి. అందరూ లేచి నతానియేలు వైపు చూసేరు.

అతని చేతులు వాటంతటవే నడుము దగ్గర కలుసుకున్నాయి. నోట్లోంచి మాట తగ్గు గొంతుతో, నిదానంగా వచ్చింది. "ఎవరూ కంగారు పడొద్దండి. మీ భయం నాకర్థమైంది. ఎవరి చోట వాళ్ళుండండి. నేను కనుక్కుంటాను."

వాళ్ళు ఉన్నారు. అదీ జరిగింది. అతను చెప్పేడని, పొగ వస్తుంటే చూస్తూ, దగ్గుతూ, ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు.

చివరి బల్ల దగ్గర్నించి జయమ్మ కేక పెట్టింది. "నతానియేలూ! చంపేస్తావురా అందర్నీ!"

ఎన్నడూ పేరుపెట్టి పిలవని మనిషి. ఆ కేకకి అతనికి తన గొంతు తిరిగొచ్చింది. "పరిగెత్తండి! గుడ్డలు తడిపి మొహానికి పెట్టుకోండి! కాలవ వైపు వద్దు, రోడ్డు వైపు! పరిగెత్తండే!" హాలు దద్దరిల్లింది. ముందు తలుపు దగ్గర తోపులాట మొదలైంది. వెనక తలుపుకి, సరుకు బయటికి పోతోందని ఎప్పుడో వేసిన తాళం. ఐసు కొట్టే ఇనప గొట్టంతో నతానియేలు కొట్టి కొట్టి దాన్ని ఊడగొట్టేడు. అటునించి డెబ్భై, ఎనభైమంది బయటపడ్డారు. సింహాద్రి తల మీద తడి గోనె కప్పుకుని పాకుతూ వెళ్ళి మెయిను వాల్వు కట్టేసేడు. చేతులు మోచేతిదాకా కాలేయి.

జయమ్మ గోడవారగా ఉన్నది కదా, అందరికంటే ఎక్కువ పీల్చింది ఆవిడే. పడిపోయిన ఇంకో మనిషిని లాక్కొస్తూ తలుపుకి నాలుగడుగుల దూరంలో కూలబడింది. నతానియేలు భుజాన వేసుకుని తెచ్చేడు. పద్నాలుగు మందిని అమలాపురం తీసికెళ్ళేరు, జయమ్మని అక్కణ్ణించి కాకినాడ. ఎవరూ చనిపోలేదు. పేపర్లో అదే పెద్దక్షరాల్లో వేసేరు.

నాలుగోనాడు శ్యామ్ సుందర్ పిలిచేడు. బల్ల మీద ఓ కాయితం ఉంది. వీడియోలో ఉన్నది శిక్షణ కోసం రాసుకున్న నాటకమనీ, అందులో చెప్పిన వాసనా అదీ కల్పితమనీ.

"సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి నాది పూచీ. ఆలోచించుకోండి, తొందరేం లేదు," అన్నాడు. అరవలేదు, బెదిరించలేదు.

నతానియేలు కాయితం జేబులో పెట్టుకుని వచ్చేడు. రెండు రోజులు అది జేబులోనే ఉంది. కొడుకు బీటెక్ రెండో ఏడు. రెండో రోజు సాయంత్రం రమ్యశ్రీ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"మొదటిసారీ రెండోసారీ తీసినవి చెరిపెయ్యమంటున్నారు సార్. చెరపలేదు. మీకు పంపేస్తున్నాను. నేనీ ఉద్యోగంలో ఉండను."

అవి రాగానే నతానియేలు వీధరుగు మీద కూర్చుని చూసేడు. జెస్సీ వెనక నిలబడి చూసింది. జయమ్మ లేచి నిలబడి 'ఆ బల్ల దగ్గర నేను కూర్చోనండి' అన్నచోట జెస్సీ చెయ్యి అతని భుజం మీద పడింది. "ఇంక ఆలోచించడానికేముందండీ," అంది.

విచారణకొచ్చిన అధికారి మొదట హాల్లోని కెమెరా తీసిన బొమ్మ వేసి చూపించేడు. దానికి సౌండు లేదు. పొగ దిగుతోంది, రెండొందల మంది నిలబడి ఉన్నారు, మధ్యలో ఓ మనిషి చేతులు కలుపుకుని పెదాలు కదుపుతున్నాడు. అధికారి గడియారం చూపించేడు. నలభై సెకన్లు.

"ఈ నలభై సెకన్లూ ఏం చెప్పేరండి వాళ్ళకి?"

"కదలొద్దని చెప్పేనండి," అన్నాడు నతానియేలు. తరవాత ఫోను బల్ల మీద పెట్టేడు. "ఇవి మూడూ చూడండి. నాటకం కాదండి. ఆవిడ చెప్పింది నిజం. ఆ వాసన నాకూ వచ్చింది. ఆ తరవాత పుస్తకంలో సింహాద్రి రాసిన ప్రతిసారీ కింద సంతకం నాదే."

ఉద్యోగం ఆ వారమే పోయింది. కేసులో శ్యామ్ సుందర్ పేరుతో పాటు అతని పేరూ ఎక్కింది, ఇంకా నడుస్తోంది. వాయిదాలకి ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆయన ఇప్పటికీ ఎంతో మర్యాదగా పలకరిస్తాడు.

జయమ్మ రెండు నెలలకి ఇంటికొచ్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగు మాటలు వరసగా మాట్లాడలేదు. నతానియేలు చూడ్డానికి వెళ్ళి, క్షమించమని అడగాలనుకున్నాడు గాని, కూర్చున్నాక అది కూడా నేర్చుకున్న మాటలాగే వస్తుందేమోనని భయమేసింది. ఊరికే కూర్చున్నాడు. ఆవిడే అంది.

"ఒప్పుకోకుండా... ఉండాల్సిందండి... మూడోసారి."

"తప్పు నీది కాదక్కా," అన్నాడు. అన్నాక అతని కళ్ళు నిండేయి. ఆవిడ కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ఇప్పుడు నతానియేలు అంబాజీపేటలో కొబ్బరి పీచు షెడ్డులో పని చూస్తున్నాడు. పొద్దున్నే బస్సుకోసం నిలబడే చోట్నే ఫ్యాక్టరీ వ్యానూ ఆగుతుంది. ఫ్యాక్టరీ మొన్న ఏప్రిల్లో తెరిచేరు, కొత్త పైపులు, కొత్త పేరు. ఓ రోజు వ్యాను కోసం నిలబడ్డవాళ్ళలో జయమ్మ కోడలు బిందు కనపడింది, చేతిలో క్యారేజీతో.

"నువ్వు వెళుతున్నావామ్మా అక్కడికి?"

"ఆయ్, వెళుతున్నానండి. అత్తయ్యగారి మందులున్నాయి కదండీ."

"ఎలా ఉంది లోపల?"

"బాగానే ఉందండి. కొత్త మేనేజరుగారు మంచివారండి బాబాయిగారూ. అస్సలు అరవరు. ఏం చెప్పినా చేతులు కట్టుకుని వింటారు."

"వెనక తలుపు తాళం తీసే ఉంచుతున్నారా?"

బిందు ఆలోచించింది. "చూళ్ళేదండి."

వ్యాను హారను కొట్టింది. ఆడవాళ్ళు ఎక్కేరు, బిందు ఆఖర్న ఎక్కింది.

"ఇవాళ చూడమ్మా! వెళ్ళగానే చూడు!" అని అరిచేడు నతానియేలు. బస్టాపులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేరు. వ్యాను మలుపు తిరిగింది. ఆ అమ్మాయి విందో లేదో అతనికి తెలీదు.